ఉప్పా, మంచినీళ్ళా

గురువారమంతా ఫాల్మత్ రేవులో
సుద్దముక్కతో గడిపాం ఇద్దరం.
మూత అంచు రబ్బరుకి సుద్ద రాయడం, మూయడం, తెరవడం,
తెల్లగీత ఎక్కడ తెగిందో చూడటం.
తెగినచోట నీళ్ళొస్తాయి. అంతే శాస్త్రం.

జాగో ముప్పై తొమ్మిదేళ్ళు ప్లంబరుగా చేశాడు.
"నీళ్ళకి ఓపిక ఎక్కువ, మనకే తక్కువ" అంటాడు.
లంగరు గొలుసు దిగే కన్నంలో
పాత బనీను కుక్కి, పైన మైనం మెత్తాడు.
తెరచాప కొయ్య మొదట్లో సైకిల్ ట్యూబు చుట్టి బిగించాడు.
అడుగున ప్రతి కుళాయి పక్కనా
ఒక మెత్తటి చెక్క బిరడా, దాని మెడకి తాడు.
చీకట్లో వెతుక్కోకూడదట.
నేను పెట్టెల మూతలకి కొక్కేలు వేశాను,
టీ పెట్టి, చల్లారిపోతోందని ఆయన్ని పిలిచాను.

ఇరవై నాలుగు అడుగుల పడవ.
ఒకరికి కుడి భుజం అరిగిపోయింది.
ఇంకొకరు మూడు రాత్రులు వరసగా డ్యూటీ చేసి వచ్చిన నర్సు.

లిజార్డ్ మొన దాటుతుంటే
రేడియో గాలి ఏడు అంది.
ఇక్కడి ఏడు మా విశాఖ రేవు మీద ఎగరేసే ఏడు కాదు,
అంత ఘోరం కాదు.
కానీ నా చెవికి తెలుగులో వినబడింది:
ఏడు, ఏడు.
ఏడవలేదు. తెరచాప రెండు మడతలు దించాం.

చుక్కాని ఆయనది, లోపలి పని నాది.
లోపలంటే, ఎవరో వాయిస్తున్న డప్పులో కూర్చోవడం.
నేల పలక ఎత్తాను.
నీళ్ళు.
చీలమండ లోతున, ఒరిగిన పక్కకి ఊగుతూ,
అందులో ఒక ఉల్లిపాయ, నా ఎడమ చెప్పు.

నూట అరవైసార్లు పంపు కొట్టాను.
తగ్గాయి. మళ్ళీ వచ్చాయి.
టార్చి పళ్ళతో కరిచిపట్టుకుని
కుళాయిలు ఒక్కొక్కటీ తడిమాను. పొడిగా ఉన్నాయి.
బనీను తడిసింది గానీ ఊడలేదు.
భయం ముందు మోకాళ్ళలోకి వస్తుందని
రోగులు చెబితే ఊరికే తలూపేదాన్ని.

గుమ్మం పై పలక తీసి అరిచాను.
ఆయనా ఏదో అరిచాడు. గాలి సగం పట్టుకుపోయింది.
రెండోసారికి అర్థమైంది:
"నాకి చూడు!"

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.
డీజిలు. కొంచెం ఉల్లిపాయ.
ఉప్పు లేదు.
ఇంకోసారి.
లేదు.

మంచినీళ్ళు!
సముద్రం గడప దాటనే లేదు.
మేం పోసుకున్న నీళ్ళే, మా ట్యాంకువే,
గొట్టం క్లిప్పు వదులైన చోటునుంచి.
గురువారం మధ్యాహ్నం, టీ చల్లారుతున్న వేళ,
ముప్పై తొమ్మిదేళ్ళ చెయ్యి
ఒక్క తిప్పు తక్కువ తిప్పిన క్లిప్పు.

చెప్పాను. ఏమీ అనలేదు.
ఒక కెరటం ఆయన మీదుగా నడిచి వెళ్ళింది.
ఆ తర్వాత భుజం కదిలింది, బాగున్న భుజం.
నవ్వుతున్నాడు.

స్క్రూడ్రైవరు దొరికింది. తిప్పాను.
న్యూలిన్ ఇంకా నాలుగు గంటలు.
ట్యాంకు ఖాళీ. కెటిల్లో అర లీటరు ఉంది.
కప్పులో సగం పోసి ఆయనకిచ్చాను,
మిగతాది నేను తాగాను.
పెదవి తగిలిన చోట
కాస్త ఉప్పు లోపలికొచ్చింది.