వీపుకి తెలిసినంత

పదకొండు కిలోలు, హెల్మెట్ కాక.
షాపు కుర్రాడు సీటు బిగించి
రెండు చేతులా ఊపి చూపించాడు,
ఏనుగునైనా కూచోబెట్టొచ్చన్నాడు.
నా దగ్గర ఏనుగు లేదు.
ఇహ ఉంది. పద్నాలుగు నెలలది.
(పేరు పెట్టిన రోజు మా ఆయన,
పరం సంగతి తర్వాత చూద్దాంలే అన్నాడు.)

కాన్‌బెర్రాలో సెప్టెంబరు.
గడ్డిమీది తెల్లమంచు
టైరు కింద పటికబెల్లంలా నలుగుతుంది.
సల్లివన్స్ క్రీక్ పక్క దారి.
క్రీక్ అంటారు గానీ
సిమెంటు పళ్ళెంలో పలచటి నీళ్ళు.
ఇంటినుంచి క్రెష్ దాకా పదిహేడు నిమిషాలు.

ఈ పదిహేడు నిమిషాలూ
నా కూతురు నాకు తప్ప
అందరికీ కనిపిస్తుంది.
కుక్కని నడిపించే ముసలాయన
నా భుజం మీదుగా చూసి నవ్వుతాడు.
ఆ నవ్వుకి వెనక ఏం బదులు వెళ్ళిందో తెలీదు.

నాకు తెలిసేది వీపు చెప్పినంతే.
హెల్మెట్ ఠప్పున తగిలితే మెలకువ.
బరువు ఎడమకి ఒరిగితే బాతులు.
ఎటూ ఒరక్కుండా ఉన్నట్టుండి దిగిపోతే
నిద్ర.
నిద్రపోయిన పిల్ల బరువెక్కుతుంది.
త్రాసు ఒప్పుకోదు, మోకాళ్ళు ఒప్పుకుంటాయి.
అరటిపండు సంగతి మాత్రం
ఆఫీసులో మార్గరీట చెప్పేదాకా వీపూ చెప్పదు.

మా మేనత్త భ్రమరాంబ నర్సు.
టీకాల డబ్బా హ్యాండిల్‌కి,
నేను క్యారేజీ మీద,
నా కింద గళ్ళ తువ్వాలు నాలుగు మడతలు.
గతుకు గతుక్కీ ముందు, "కాళ్ళు ఎడం!"
ఓసారి చెరుకుబళ్ళు చూస్తూ మరిచాను.
ఊచల్లో మడమ.
నేను ఏడుపు మొదలెట్టకముందే ఆపేసింది.
ఎలా తెలిసిందత్తా అంటే
కట్టు కడుతూ, "తొక్కేవాళ్ళకి సైకిలు చెప్పదుటే?" అంది.
మాట అర్థం కాలేదు. మచ్చ మిగిలింది,
చింతగింజంత.

ఈ సీటుకి కాళ్ళ పక్కన ప్లాస్టిక్ రెక్కలు,
బెల్టులు, బకిల్సు, అన్నీ ఉన్నాయి.
అయినా గతుకొస్తే
నా నోట్లోంచి అత్త అరుస్తుంది.

ఓకానర్ మలుపులో ఒక జామాయిల్ చెట్టు.
మా వైపు పేపరు మిల్లుల కోసం వరసల్లో నిలబడే చెట్టు
ఇక్కడ సొంత ఊళ్ళో, ఇష్టమొచ్చినట్టు వంగి ఉంది.
దాని మీద మాగ్‌పై గూడు.
స్తంభానికి పసుపు బోర్డు:
పక్షి మీదికి వచ్చును, దిగి నడవుడు.
పొడిచేది తండ్రి పక్షేనట,
ఏడాదిలో ఆరు వారాలేనట.
నా హెల్మెట్‌కి పదహారు ప్లాస్టిక్ ట్యాగులు
ముళ్ళపందిలా నిక్కబొడిచి కట్టాను.
దానికి కట్టలేదు, పీకి నోట్లో పెట్టుకుంటుంది.

మంగళవారం వచ్చింది.
తడి చాప దులిపినట్టు రెక్క చప్పుడు.
అది వెనకనుంచే వస్తుంది, ఎప్పుడూ.
వెనక ఎవరుందో
దానికి ఎవరు చెప్తారు.

తల తిప్పితే సైకిలు తిరుగుతుంది.
తిప్పలేదు.
కుడిపక్క, దారి మీద,
పొద్దుటెండలో మా నీడ:
ముళ్ళతో నా తల,
దాని వెనక చిన్న గుండ్రం,
పైన, దగ్గరవుతూ, మూడో నీడ.
చిన్న గుండ్రంలోంచి ఒక చెయ్యి లేచింది.
"కా!"

తిన్న ముద్దలన్నీ కాకిని చూపించి పెట్టినవే.
ఎగిరేదల్లా కాకే దానికి.
విందుకి పిలుస్తోంది.

ముక్కు టక్కుమంది, నా ముళ్ళ మీదే.
ఇంకోసారి. తర్వాత లేదు.

ఎలా దిగానో తెలీదు.
ఎడం చేత్తో హ్యాండిలు,
కుడి చెయ్యి వెనక్కి,
చూపులేని వేళ్ళతో
కళ్ళు, ముక్కు, చొంగ,
అన్నీ ఉన్నాయి, ఉన్నచోటే ఉన్నాయి.
చెట్టు దాటేదాకా అలాగే నడిచాను,
చెయ్యి వెనకే ఉంచి.

అరచేతిలో ఏదో తడిగా పెట్టింది.
రస్కు, సగం నమిలింది.
నా చేతినీ కాకే అనుకుందేమో.

తినేశాను.