పైవైపు

అల్లిపురంలో మా ఫ్రేముల కొట్టుకి
దేవుళ్ళొస్తారు, పెళ్ళిళ్ళొస్తాయి, డిగ్రీలొస్తాయి.
వాటికి తల ఎటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ అచ్చుబొమ్మ మాత్రం
గొట్టంలా చుట్టుకుని గుడ్డసంచిలో వచ్చింది.
మూలనున్న పెన్సిలు సంతకాన్ని చెమ్మ తినేసింది.
మిగిలింది ఒక్క అంకె.
ఆరో, తొమ్మిదో.

ముందు రంగులతో మొదలెట్టాను.
ఎరుపు. నెత్తురు కాదు, కుంకుమా కాదు.
పోర్టు వైపు నుంచి గాలి మళ్ళిన రోజు
వన్‌టౌన్ డాబా మీద ఆరేసిన తెల్లచొక్కాకి
సాయంత్రానికి పట్టే రంగు.
నలుపు పెద్ద ముద్ద, ఒక కొస సూదిగా సాగింది.
డాల్ఫిన్ నోస్ అనుకున్నాను.
ఈ ఊళ్ళో ఏ నల్లటి కొన చూసినా
అలాగే అనుకుంటాం.
సన్నటి పసుపు గీత లైట్‌హౌసుది,
అడుగున నీలం ఎలాగూ సముద్రమే.
అర్థమైపోయింది. మేకు తీశాను.

"తిరగేసీసేవు గురూ" అన్నాడు
అద్దాలు కోసే ఎల్లాజీ, నా భుజం మీంచి వంగి.
బొమ్మని తలకిందులు చేశాడు.
"పడవ మీంచి పడిపోయిన్నాడు
నీట్లోంచి పైకి సూస్తే ఇలగే ఉంది.
ఆ నలుపు పడవ అడుగు.
పసుపు, నాకు అందని తాడు."
మరి ఎరుపో?
చాలాసేపు చూశాడు.
"అది కళ్ళు మూసీసినాక కనపడింది."

ఆ తర్వాత నా కొండ మళ్ళీ కొండ కాలేదు.
ఎటు తిప్పినా నా నెత్తి మీద తేలుతూనే ఉంది.

చీకటి పడ్డాక ఫిలోమినా టీచరుగారు వచ్చారు.
బొమ్మని అడ్డంగా తిప్పి,
చాలక మెడ కూడా వంచారు.
"ఆపరేషనయ్యాక మూడు నెలలు
ఎడమ పక్కకే పడుకోమన్నారు.
గోడకి టేపుతో ఎటు అంటించానో గుర్తులేదు బాబూ.
నాకు మాత్రం ఎప్పుడూ ఇది తలుపే.
అవతల ఎవరో
లైటు ఆర్పకుండా ఉంచినట్టు."

ఎల్లాజీ ఏమీ అనలేదు.
కోతపుల్లని కిరసనాయిల్లో ముంచుకున్నాడు.

నాలుగు వైపులా కొక్కేలు బిగించి
రెండింటికే డబ్బులు తీసుకున్నాను.
అద్దం తుడిచి చూద్దును కదా,
నలుపులో మా ట్యూబులైటు, సగం నేను,
ఎదురు గోడ మీది వెంకటేశ్వరస్వామి.
ఎంత తుడిచినా పోరే.

అట్ట చుట్టి, అలవాటుగా
బాణం గుర్తు గీయబోయి ఆగాను.
'గాజు, జాగ్రత్త' అని మాత్రం రాశాను.