నిమిషానికి నలభై చుట్లు

ప్లాస్టిక్ కప్పలు పోసేవాడికి
చెయ్యి ఒకటి తక్కువ.
ఒక చేతికి గిన్నె, ఒక చేతికి పుల్ల,
ఉడుకు చూసే సూదిని పట్టేదెవరు?
మోటారు కావాల.

మొదట మూలపడిన మిక్సీది పీకినా.
స్విచ్చి వేసిన మరుక్షణం
గోడకు తెల్ల బొట్లు, నా చొక్కాకు తెల్ల బొట్లు,
గిన్నెలో మిగిలిందంతా నురగ.
ఆ పూట పోసిన కప్పల కడుపుల నిండా బుడగలు.
వెలుతురుకు పట్టి చూస్తే
సోడా తాగి చచ్చినట్టుండాయి.

తర్వాత టేబుల్ ఫ్యానుది.
పాలు పాలుగా ఉన్నంతసేపూ మెత్తగానే తిరిగింది.
వేడెక్కి పాలు గంజయ్యి, గంజి జున్నయ్యే చోట
మూలిగింది, నిలబడింది.
అడుగు మాడి పసుపెక్కింది.
ఆ పొగకు మా పెరటి పిల్లి
రెండు దినాలు ఇటుపక్క రాలేదు.

"వేగం కాదబ్బీ, పట్టు కావాల" అనింది
కొర్లగుంట సందులో సంగటి వండే నాంచారక్క.
తినేది మాని తన తెడ్డునే చూస్తాండానని
కసురుకుంటూనే చూపించింది.
పిండి పడినాక తొందరపడితే ఉండలు,
ఆగితే మాడు.
తెడ్డు అడుగును తాకుతా పోవాల,
పైన గాలిని పిలవకూడదు.
ఫోనులో గడియారం పెట్టి లెక్కపెట్టినా:
నిమిషానికి నలభై చుట్లు, ఒకటీ అరా అటూ ఇటూ.
ఇరవై రెండేండ్లుగా ఆ చెయ్యి
అంతే తిరుగుతాందంట.

ఆ అంకె జేబులో వేసుకుని
ఆటోనగర్‌లో దస్తగిరి పాత సామాన్ల అంగడికి పోయినా.
కుట్టుమిషనుది చూపించినాడు, వద్దన్నా.
కూలరుది చూపించినాడు, వద్దన్నా.
"మోటారుకొచ్చినావా, పిల్లను చూసేదానికొచ్చినావా?"
అని గొణిగి, గోతం అడుగునుంచి తీసినాడు
రెండు గుప్పిళ్ళంత ఇనుము,
బరువు మాత్రం పసిబిడ్డంత.
కొండకు పోయే బస్సు వైపరుది.
రెండు పాత బండి బ్యాటరీలు జతచేసి తీగ తగిలిస్తే
తొందరేమీ లేకుండా లేచింది.
ఇరుసును బొటనవేలితో ఆపబోయినా.
ఆగలా. నా వేలినే తిప్పింది.
మూడు వందల యాభై అన్నాడు,
రెండు వందల ఎనభైకి దిగి, టీ కూడా తాగించినాడు.

ఎన్ని వంపులు ఎక్కి దిగిందో,
మంచు కమ్మిన అద్దం మీద
వెనక సీట్ల గోవిందలు వింటా
ఎన్ని వేలసార్లు చెయ్యూపిందో.
ఇప్పుడు మా పెరట్లో,
తలుపు బార్లా తీసి, ఫ్యాను బయటికి తిప్పి,
అల్యూమినియం గిన్నెలో దించితే
అదే నిదానం.
పాలు గంజయ్యింది, గంజి జున్నయ్యింది,
మోటారు గొంతు కొంచెం బొంగురుపోయిందే గానీ
నిలబడలేదు.
జున్ను కరిగి నూనెయ్యింది,
గిన్నె అడుగున పాత గీతలు కనబడేంత తేట.
చెంచాడు ఆకుపచ్చ, చిటికెడు తళుకు.
ఒక్క బుడగ లేదు.

ఆదివారం తెల్లారుజామున పిచ్చాటూరు,
అరణియారు డ్యాం అంచున గడ్డి మొలిచిన నీళ్ళు.
మద్రాసు నుంచి కార్లలో వచ్చినోళ్ళ
ఖరీదైన గాలాల పక్కన నిలబడి
నా కప్పను విసిరినా.
రెండు గెంతులు. మూడో గెంతుకు
నీళ్ళు గుటక వేసినాయి.
దారం బిగిసింది. వదులయ్యింది.
చుట్టి చూస్తే కప్పకు ఎడమ కాలు లేదు.
కొరమీను దాన్ని ఉమ్మేసిందో
అరిగించుకునేదానికి తిప్పలు పడతాందో!

రాత్రి మళ్ళా గిన్నె పెట్టినా.
కుంటి కప్పనూ అందులోనే వేసినా, కరగనీ అని.

ఈ మోటారుకు ఒక అలవాటుంది.
స్విచ్చి ఆపినా ఉన్నచోట ఆగదు.
మొదలుపెట్టిన చుట్టు ముగించి,
పుల్లను ప్రతిసారీ ఒకే మూలకు తెచ్చి
ఆడ పండబెడుతుంది,
వాన వెలిసినాక అద్దం అంచున పెట్టినట్టు.

పైన బస్సు లేదని
దానికింకా ఎవరూ చెప్పలేదు.