పేజీకి నూట ఎనభై

సముద్రానికి మూడొందల కిలోమీటర్ల దూరంలో
విద్యానగర్‌లో, మూడో అంతస్తులో, ట్యూబ్‌లైటు కింద
సముద్రాన్ని తెలుగు చేస్తున్నాను.
పేజీకి నూట ఎనభై. పట్టికలకు సగమేనట.

తీరం నుంచి పన్నెండు మైళ్ళు మనవి.
రెండువందల దాకా చేపలు మనవి.
ఆపైన ఎవరిదీ కాదు, లేదా అందరిదీ.
మూలంలో రెండూ ఒకటే అన్నట్టుంది.
ఇక్కడ కాదు:
ఎవరిదీ కానిదాన్ని ఎప్పుడో ప్లాట్లు కొట్టారు,
అందరిదీ అయినదాని పేరు చెరువు,
దాని మీద మా తమ్ముడి అపార్ట్‌మెంటు ఉంది.

ఆదివారం రాంనగర్ మార్కెట్లో
వంజరం పొలుసు గీకుతూ సూరాడ పోలమ్మ అడిగింది:
"సంతకం ఎట్టీసినారు గదేటి బాబూ, మరింకేటి?"
సంతకమంటే తాంబూలాలు, అన్నాను,
తాళి ఇంకా కట్టలేదు.
"అయితే పిల్ల పుట్టింట్లోనే ఉన్నాదన్నమాట"
అని చేప తల ఒక్క వేటుకి తీసింది.

ఆమె తమ్ముడు గీత దాటి
ఏడు నెలలుగా పరాయి జైల్లో ఉన్నాడు.
"నీళ్ళ మీద గీతేటి బాబూ?
ముగ్గేసి సూపించమను."

కట్టడి లేకపోతే పెద్ద ట్రాలర్లు
అడుగంతా ఊడ్చుకుపోతాయన్నాను.
"కట్టడి సిన్న పడవకి తెలుస్తాది.
పెద్దోడకి ప్లీడరుంటాడు."
చిల్లర తడిగా ఉంది.

మార్చి నుంచి మాకు ట్యాంకరు నీళ్ళు.
ఫ్లాటుకి పన్నెండు బిందెలని కాగితం రాసుకున్నాం.
నాలుగొందల రెండు సంతకం పెట్టలేదు.
పన్నెండే పట్టుకుంటాడు, పదమూడోది ఎవరైనా ముంచితే
కాగితం కంఠతా అప్పజెబుతాడు,
మీటింగుకి మాత్రం రాడు.
ఈ రాత్రి అతను నాకు ఒక దేశంలా కనిపిస్తున్నాడు:
తలుపు ఓరగా తీసి, గొలుసు తీయకుండా,
"చూద్దాం" అంటాడు.

పన్నెండుని పది చేసిన రోజున
అతను గదిలో లేడు.
నాకు తెలిసిన వాదన అదొక్కటే,
పోలమ్మకి చెబితే నవ్వుతుందేమో.
ఆమెనీ ఏ గదిలోకీ ఎవరూ పిలవలేదు.

"రాజ్యములు ధ్రువీకరింపవలెను" అని కొట్టాను.
చూసుకున్నాను. బాగుంది.
మూలంలో ఉన్నది "వచ్చును".
కూలికి చేసే పని, నా ఇష్టం కాదు.
దిద్దాను.

కింద ట్యాంకరు హారను.
నాలుగొందల రెండు చెప్పుల చప్పుడు
అప్పుడే మెట్లు దిగుతోంది.