నీళ్లు లేని కడుగుడు

షార్జా, అల్ నహ్దా. బిల్డింగు కింద రెండో అంతస్తు.
పైన తెల్లారిందో లేదో ఇక్కడికి తెల్వదు.
మూడున్నరకు మొదలుపెడితే
ఏడు దాటేలోపు ఇరవై రెండు బండ్లు.
బకెట్టు లేదు. పైపు లేదు.
సీసాల అర లీటరు మందు,
భుజం మీద పదహారు గుడ్డలు.

మొదటిరోజు మొఫిజుల్ నేర్పిండు.
బరిసాల్ మనిషి, చుట్టూ నీళ్లే ఉండే ఊరట వాళ్లది.
దుమ్మును తుడవకు, లేపు, అన్నడు.
పాల మీది మీగడ తీసినట్టు లేపు.
మందు కొట్టు, ముప్పై లెక్కబెట్టు, ఇసుక నానాలె.
గుడ్డ నాలుగు మడతలు, మళ్లా రెండు.
ఒక్క ముఖంతోని ఒక్కసారే, ఒక్క దిక్కుకే.
గుండ్రంగ తిప్పినవా
ఎండల సాలెగూడు కనబడుతది,
నెలాఖరుకు జీతంల కనబడుతది.

నాకు నవ్వొచ్చింది.
మెట్‌పల్లి దగ్గర కాలువల
మోకాలు లోతుకు లారీ దింపి
చీపురుతోని బర్రెను తోమినట్టు తోమినోణ్ని.
కడుగుడంటే చప్పుడు అనుకున్నోణ్ని.
ఇక్కడ సుయ్‌మని ఒక్క పిచికారి, అంతే.

నల్లబండి అబద్ధం ఆడనియ్యదు,
తెల్లది కొంచెం ఓర్చుకుంటది.
ఇసుకగాలి వచ్చిన మర్నాడు దేన్నీ ముట్టొద్దు, ముందు ఊదాలె.
వేడి బానెట్ మీద మందు కొట్టొద్దు, మరక కాలుతది.
ఇవన్నీ ఇప్పుడు నా వేళ్లల్లనే ఉన్నయి.
రూముల కంచం కూడ ఒక్క దిక్కుకే తుడుస్తున్ననని
పక్క మంచం ఓదెలు నవ్వుతడు.

నలభై ఏడో నంబరు జాగల బూడిదరంగు సన్నీ.
దాని సారు ఒక్క సూటుకేసుతోని పోయిండని,
బ్యాంకోళ్లు రెండుసార్లు వచ్చి పోయిండ్రని
వాచ్‌మన్ గుల్‌జమాన్ చెప్పిండు.
రంజాన్ నుంచి నెల పైసలు లేవు.
డిక్కీ మీద, దుమ్ముల,
ఎవరో పిల్ల వేలుతోని ఏదో రాసింది.
అరబ్బీ నాకు రాదు. పేరనుకున్న.
కుడి కొసకు గీత లోతు, ఎడమకు పోంగపోంగ పల్చన.
వేలు ఎటు నుంచి ఎటు నడిచిందో
అంత మటుకు చదవొచ్చింది.

శుక్రవారం శుక్రవారం, మిగిలిన మందుతోని,
కప్పు, డోర్లు, అద్దాలు లేపిన.
ఆ జానెడు జాగ విడిచిపెట్టిన.
పేరు మీద గుడ్డ వేయ మనసు రాలే.

ఒకనాడు అద్దానికి మున్సిపాలిటీ కాగితం.
రేపు క్రేను వస్తదన్నరు.
పోయేదేదో శుభ్రంగ పోనీ అని
ఆ జానెడు కూడ లేపిన.
దుమ్ము గుడ్డకొచ్చింది. రాత రాలేదు.
ఇసుక మీద వేలు ఒత్తితే ఇసుకే కలం,
రంగు లోపలికి రాసుకుపోయింది.
ఫోను లైటు ఏటవాలుగ పట్టి
గుల్‌జమాన్‌ను పిలిచిన. ఎవరి పేరు చాచా ఇది?

ఇరవై ఏండ్ల సంది ఇక్కడే ఉన్న మనిషి.
వంగిండు. అద్దాలు సర్దుకున్నడు.
పేరు కాదు, అన్నడు.
"నన్ను కడుగు" అని ఉన్నది.

ఇన్ని నెలలు నేను దాచిపెట్టింది ఇదా.

సంచిల తాగే నీళ్ల సీసా, సగం.
ఇక్కడ నీళ్లు పోస్తే జరిమానా అని
గోడ మీద మూడు భాషలల్ల ఉన్నది.
గుల్‌జమాన్ ఏమీ అనలే,
లిఫ్టు దిక్కు తిరిగి నిలబడ్డడు.

పోసిన.
ఎన్ని రోజులకో చప్పుడైంది,
చిన్నదే, చెంబు నుంచి కుండలకు వంచినంత.
తడి ఉన్నంతసేపు గీతలు లేవు.
షోరూముల బండి లెక్క డిక్కీ,
అండ్ల నా ముఖం, వెనుక ట్యూబులైటు.
ఆరంగ ఆరంగ
కుడి నుంచి మొదలుపెట్టి
ఒక్కొక్క అక్షరం మళ్లా లేచింది.

ఇంకా నాలుగు బండ్లున్నయి.
గుడ్డను కొత్త ముఖానికి తిప్పిన.