మిగిలిన వణుకు

కోవెంట్రీలో బాంబులు పడి ఆరేళ్లయినా
ఇంకా కప్పులు లేవని వీధి చివర,
మూడో అంతస్తు గదిలో మేం పద్నాలుగు మంది ఆడవాళ్లం.
గంజిపెట్టిన గుడ్డ మీద సుద్దపొడి రుద్ది
మగవాళ్లు పెన్సిలుతో గీసింది సిరాతో దిద్దేవాళ్లం.
దిద్దడమే మా పని. అడగడం కాదు.

నేనడిగాను.
హార్బాటిల్ గారి కాగితంలో సిలిండర్లు నాలుగూ
ఇంత లావున్నాయేమని.
పాతవన్నీ కొవ్వొత్తుల్లా ఉండేవి మరి.
"వెడల్పు కొలిచి పన్ను వేసేవారమ్మా.
సర్కారుకి జడిసి ఇంజను కడుపు మాడ్చుకుంది.
ఆ చట్టం పోతుందంటున్నారు. ఇక దీన్ని తిననిద్దాం."

రొట్టె చుట్టిన కాగితం తిప్పి బొమ్మ వేశాడు.
ఒకడు పీలుస్తాడు, ఒకడు బిగబడతాడు,
ఒకడు మండుతాడు, ఒకడు వదిలేస్తాడు.
ఒకటి, మూడు, నాలుగు, రెండు:
లెక్కలు రాని పిల్లాడి వరస.
కొసలవాళ్లిద్దరూ లేస్తే నడిమివాళ్లిద్దరూ దిగుతారు.

అయితే తక్కెడ సమానమేగా, అన్నాను.

పెన్సిలు ఆగింది.
"కాదు. పై సగంలో పిస్టను పరుగు, కింది సగంలో నడక.
ఆ తేడా ఎక్కడా చెల్లదు.
క్రాంకు ఒక్కచుట్టు తిరిగేలోపు రెండు వణుకులు.
ఇంకో రెండు ఇరుసులు పెట్టి ఎదురు తిప్పితే పోతుంది,
ఆ ఖర్చుకి ఒప్పుకునేదెవరు?
ఎవరో ఒకరు భరించాలి."

ఆయన చెయ్యి కూడా వణికేది,
మొదటి యుద్ధం నుంచి తిరిగొచ్చినప్పట్నించీ.
ప్రతి గీతలోనూ సన్నటి అల.
నేను స్కేలు ఆన్చి, సిరాతో తిన్నగా చేసేదాన్ని.
ఆయన చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు.

ఆ ఇంజను కుటుంబాల కారులోకి వెళ్లింది.
అక్కడి వణుకుని రబ్బరు దిమ్మలు మింగాయి.
పందెం కారులోకీ వెళ్లింది,
రెండు లీటర్లకి మించకూడదంటే
ఒరలోంచి కత్తి దూసినట్టు తొడుగులు దూసి
ఇరుకైనవి దించారట.
ట్రాక్టరులోకి వెళ్లింది. అక్కడ దిమ్మల్లేవు,
ఇంజనే వెన్నెముక.

అరవై ఒకటిలో, సెలవులకి, రాడ్నర్ కొండల్లో
ఎమ్రిస్ ప్రిచర్డ్ దుక్కి ఆపి టీకి వచ్చాడు.
గిన్నెలో చెంచా టకటకలాడుతోంది ఇంకా.
"దిగినా గంటసేపు దిగదు" అన్నాడు నవ్వి.

నేను వాకిట్లోకి వెళ్లి
ఆపకుండా వదిలేసిన ఆ బండి మీద చెయ్యి పెట్టాను.
పదిహేనేళ్లు దాన్ని గుడ్డ మీదే చూశాను.
ఒకటి, మూడు, నాలుగు, రెండు,
వాటి కిందుగా, రెట్టింపు వేగంతో, సన్నగా,
నేను తిన్నగా దిద్దేసిన ఆ గీత.

లోపల నీళ్లు ఊరుతున్నట్టున్నాయి,
తొడుగుల అడుగున ఎనిమిదంకె వాషరు మార్చు, అన్నాను.
ఎమ్రిస్ టోపీ తీసి
నావంక, బండివంక, మళ్లీ నావంక చూశాడు.