అడ్డగీతలు

గ్రిమ్స్‌బీలో జనవరి అంటే
నాలుగింటికే చీకటి, కిటికీ అద్దాల మీద ఉప్పు.
ఎక్స్‌రే గదిలో హీటర్ గురక పెడుతోంది.
తోడొచ్చిన టీచరు బయట ఫోన్లో ఉంది.
పేరడిగితే "కీరన్ థాక్స్‌టర్" అన్నాడు
ఇంకా పగలని గొంతుతో.
పుట్టిన తేదీ రెండుసార్లు చూశాను.
వచ్చే నెలకి పదిహేను.
నా బల్లెక్కిన ఒళ్ళు మాత్రం
పదకొండు దగ్గరే నిలబడి
తన వంతు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తోంది.

ఆటలో ఎవడో మోకాలి కింద తన్నాడట.
విరిగితే శనివారం మ్యాచ్ పోతుందని వాడి దిగులు.
తెర వెనక్కి వెళ్ళి మీట నొక్కాను.

విరగలేదు.
కానీ కాలి ఎముకలో, చీలమండకి కాస్త పైన,
తెల్లటి అడ్డగీతలు.
వేలితో తెర మీద లెక్కపెట్టాను, అయిదు.
మా అమ్మ పాల లెక్కకి గోడ మీద
బొగ్గుతో గీసిన గీతల్లా ఉన్నాయి.
కాదు,
పాలు పోయని రోజుల గీతల్లా.

ఎదుగుతూ ఎదుగుతూ ఎముక ఆగిపోయి
మళ్ళీ నాలుగు మెతుకులు అంది కదిలినప్పుడు
ఆగిన చోట గుర్తు పెట్టుకుంటుంది.
జ్వరమైనా గీతే. ఆకలైనా గీతే.
కారణం రాయదు, తేదీ రాయదు.
"ఎముకని సాక్ష్యానికి పిలవకు, దయామణీ,
అది సగమే చెబుతుంది" అంటాడు డాక్టర్ ఫించమ్.

మిగతా సగం వాడి కోటు జేబులో ఉంది.
బల్ల దిగుతుంటే జారి పడింది:
టిష్యూలో చుట్టిన స్కూలు భోజనం బన్ను,
అంచు గట్టిపడిన జున్నుముక్క.
"చెల్లికి," అన్నాడు
నేనడక్కముందే, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.
"దాని బడిలోనూ పెడతారు. కానీ రాత్రికి..."
ఆ మాట అక్కడే ఆగింది.
దానికీ ఒక గీత.

నాకు అద్దంకి హాస్టల్లో పదహారు నిండాయి.
చారులో పప్పు కోసం గరిటెతో గాలించే రోజులు.
నా ఈడువాళ్ళంతా పెద్దమనుషులయ్యారు, నేను కాలేదు.
వార్డెనమ్మ పక్కకి పిలిచి
"నీలో ఏమన్నా లోపముందా?" అంది.
ఎక్కడుందో నేనూ వెతికాను
స్నానాల గది పగిలిన అద్దంలో, చాన్నాళ్ళు.
అది వంటగదిలో ఉందని
నలభై దాటాక, ఈ ఉద్యోగంలో తెలిసింది.
మంచు మీద జారి పడితే తోటివాళ్ళు నా కాలికీ తీశారు.
చాలామందికి వయసుతో చెరిగిపోతాయి గానీ
నాకొకటి మిగిలింది,
సన్నగా, పాత కుట్టులా.

కీరన్‌కి తెర తిప్పాను.
గీతలు చూపించలేదు.
వాటికి కింద, ఎముక కొసన,
నల్లటి సన్నని సందు చూపించాను.
"అదే విరిగిందా?"
"కాదు. అక్కడింకా ఎముక లేదు. నువ్వు పెరిగేది అక్కణ్ణుంచే."
"ఎంత?"

ఎంతని చెప్పను?
ఆ సందు ఎన్నాళ్ళు తెరిచుంటుందో దానికే తెలియాలి.
ఈలోగా అందులో ఏం పడుతుందన్నది
చేపల ఫ్యాక్టరీ వాళ్ళమ్మకి
వారానికి ఎన్ని షిఫ్టులిస్తుందో దాన్నిబట్టి.
"చాలా," అన్నాను.

ఫారంలో విరుగుడు లేదని రాశాను.
కింది ఖాళీలో గీతల సంగతి,
వయసుకి తగ్గ ఎదుగుదల లేదని,
పిల్లల డాక్టరు చూడాలని,
ఇంట్లో తిండి గురించి ఎవరైనా మెల్లగా అడగాలని.
'మెల్లగా' కింద నేనూ ఒక గీత గీశాను.

తలుపు దగ్గర ఆగాడు.
"శనివారం ఆడొచ్చా?"
"ఆడొచ్చు. తిని ఆడు."
బన్నున్న జేబు మీద చెయ్యేసుకుని
తలూపాడు.